అర మెట్టు కింద

ఆగస్టు 20, బుధవారం

నిన్న మధ్యాహ్నం బాషా మాస్టారిని మట్టిలో పెట్టి వచ్చాం. డెబ్భై ఆరేళ్ళు. ముప్పై ఏళ్ళుగా ఆదివారం పొద్దున మమ్మల్ని ఎవరినీ నిద్రపోనివ్వని మనిషి, తాను మాత్రం నిద్రలోనే జారుకున్నాడు.

జనాజాకి నేనూ భుజం పట్టాను, నా వెనక మా బ్యాండులో ట్రంపెట్ వాయించే కోటి. నా బారిటోన్ శాక్సోఫోన్ పెట్టె మోసినంత బరువు కూడా తగల్లేదు. వీధి మలుపులో కోటి కాలు తడబడితే, పక్కనున్న పెద్దాయన ‘నెమ్మది బాబూ, నెమ్మది’ అన్నాడు. రిహార్సల్లో మాస్టారు వాడితో ప్రతిసారీ అనే మాట అదే. కోటి అక్కడే బావురుమన్నాడు. నాకు ఏడుపు రాలేదు. పండిన వయసు, మంచాన పడలేదు, ఒకరి చేత చేయించుకోలేదు. ఏడవాల్సిందేం ఉంది?

స్టీల్ ప్లాంట్ రోలింగ్ మిల్లులో ముప్పై నాలుగేళ్ళు షిఫ్ట్ లాగ్ రాసిన చెయ్యి ఇది. రిటైరైనా ఊరుకోదు కాబట్టి ఈ పుస్తకం పెట్టుకున్నాను. ఏమీ జరగని రోజున చివర్లో ‘అంతా మామూలే’ అని రాసి, గురునాథరావు అని సంతకం పెట్టేవాడిని. ఈ రోజు కూడా అంతే.

అంతా మామూలే.

ఆగస్టు 21

అంతా మామూలే. శాక్స్ పెట్టె తెరవలేదు.

ఆగస్టు 24, ఆదివారం

పొద్దున ఏడున్నరకి తయారైపోయి కూర్మన్నపాలెం జంక్షన్‌లో బస్సెక్కాను. గాజువాక దాటబోతుంటే తెలిసింది, చేతిలో పెట్టె లేదు, వెళ్ళడానికి రిహార్సల్ లేదు. దిగి రెండు ఇడ్లీ తిని షేర్ ఆటోలో వెనక్కి వచ్చేశాను.

“ఎక్కడికెళ్ళినారండీ?” అంది మహేశ్వరి.

“కూరలకి.”

“మరి కూరలేవీ?”

బాగా లేవని చెప్పాను. ఆవిడ ఇంకేం అడగలేదు. ఈ మనిషి ఏమీ అడక్కపోతే అన్నీ తెలిసిపోయినట్టే లెక్క.

పెళ్ళైన కొత్తలో ఒకసారి ‘ఇవాళ ముప్పై రెండు బార్లు పూర్తిచేశాను’ అని గొప్పగా చెబితే మూడు రోజులు నాతో మాట్లాడలేదు. బార్ అంటే సంగీతంలో ఒక గడి అని, నేను రాసేది కాగితాల మీదని నమ్మించడానికి మాస్టారే స్వయంగా రావలసి వచ్చింది. వచ్చి, మా హాల్లో కూర్చుని, ఆల్టో శాక్సోఫోన్‌తో ముప్పై రెండు బార్లు వాయించి చూపించారు. “ఇదమ్మా మీ ఆయన తాగుడు” అన్నారు. మహేశ్వరి ఆయనకి సగ్గుబియ్యం వడియాలు వేయించి పెట్టింది.

పెట్టె తెరవలేదు. టైం కుదరలేదు, అంతే.

ఆగస్టు 27

వినాయక చవితి. అంతా మామూలే.

ఆగస్టు 31, ఆదివారం

ఈ రోజు ఎక్కువ రాయాలి.

కోటి ఫోన్ చేశాడు. మద్రాసు నుంచి ఎవరో సంగీతం తెలిసినాయన మాస్టారి మీద ఒక ఇంగ్లీషు పత్రికలో రెండు పేజీలు రాశాడట. కోటి కూతురు చదివి వాడికి తెలుగులో చెప్పింది. వాడు నాకు చెప్పాడు.

“బావా, మొత్తం రాసీసినాడు. పడుచోడప్పుడు హోటల్లో ఓడ ఆఫీసర్ల డాన్సులకి ఊదడం, ఆ గోవా బ్యాండ్ మాస్టరు దగ్గర జాజ్ రాయడం నేర్సుకోడం, హోటలోళ్ళు బ్యాండు తీసీసినాక మనలాంటి పెళ్ళి బ్యాండోళ్ళని, చర్చిలో ఊదినోళ్ళని, నేవీ రిటైరుగాళ్ళని పోగేసి పదారు మందితో జాజ్ వాయించడం. నా పేరు కూడా ఉన్నాది. ట్రంపెట్ కోటి అని.”

“నా పేరుందా?”

“నీ పేరు నేదు గాని నీ నోటు ఉన్నాది.”

పెళ్ళి బ్యాండ్‌లో నోటు అంటే కాగితం కాదు, స్వరం. ఇంకేమీ అడక్కుండా ఫోన్ పెట్టేశాను. తర్వాత ఫాయిజా, మాస్టారి కూతురు, ఆ వ్యాసం నాకూ పంపింది. నిఘంటువు పక్కన పెట్టుకుని నేనే చదువుకున్నాను.

‘లంగరు’ గురించి రాశాడు. మాస్టారు సొంతంగా కట్టిన పాటల్లో అది పెద్దది, నెమ్మదిది. బీచ్‌లో నిలబడితే దూరంగా, పోర్టులో చోటు దొరక్క రోజుల తరబడి నిలబడిపోయిన ఓడలు కనిపిస్తాయి చూడండి, ఆ పాట వాటిది. నలభై ఒకటో బార్ దగ్గర అందరూ ఆగిపోతారు. బారిటోన్ ఒక్కటే అడుగున ఒక స్వరం పట్టుకుని నిలబడుతుంది. ఆ తర్వాత తక్కిన పదిహేను మందీ ఒక్కసారిగా పై స్వరాల్లోకి లేస్తారు. ఆ ఒక్క స్వరం గురించి ఆ మద్రాసాయన ఒక పేరా రాశాడు. మనం ఎదురుచూసే స్వరం అక్కడ రాదట. దానికి అర మెట్టు కింద ఇంకొకటి వస్తుందట. కాళ్ళకింద నేల కదిలినట్టు ఉంటుందట. అంత ధైర్యం బాషాకే చెల్లిందట.

ఆ ధైర్యం బాషాది కాదు. నాది కూడా కాదు. అది తప్పు.

ఎప్పుడూ ఎక్కడా రాయలేదు, ఇక్కడ రాసేస్తాను. మాస్టారు స్కోరు రాసేవారు, అంటే పదహారు మంది వాయించేదంతా ఒకే పెద్ద కాగితం మీద. దాన్ని చూసి ఎవరి భాగం వాళ్ళకి, వాళ్ళ వాద్యం శ్రుతికి మార్చి, విడివిడిగా ఎత్తి రాయడం నా పని. ‘లంగరు’ ఎత్తి రాసింది ఇరవై రెండేళ్ళ కిందట, ప్లాంట్ క్యాంటీన్‌లో, భోజనం విరామాల్లో. అందరివీ సరిగ్గా రాశాను. ఆఖరున నాది, బారిటోన్‌ది. ఎవరి కాగితమైనా పదిసార్లు సరిచూసే నేను, నాదే కదా అని సరిచూడలేదు. నలభై రెండో బార్‌లో పెట్టాల్సిన ఫ్లాట్ గుర్తును ఒక గడి ముందే పెట్టేశాను. స్వరం అర మెట్టు కిందికి దిగిపోయింది.

ఆ సంగతి నాకు మూడేళ్ళకి గానీ తెలియలేదు. కోటి కాగితం చెదలు తింటే మళ్ళీ రాయడానికి స్కోరు తెచ్చుకున్నప్పుడు చూశాను. అప్పుడే చెప్పాల్సింది. నాకంటే ముందు ఎత్తి రాసే పని చేసినాయన ఒకే ఒక్క గుర్తు తప్పు పెడితే, మాస్టారు అందరి ముందూ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అతని జేబులో పెట్టారు. ఆ మనిషి మళ్ళీ రిహార్సల్‌కి మాస్టారి మేడ మెట్లెక్కలేదు. నేను భయపడ్డాను. చెప్పకుండా దిద్దేద్దామంటే, అప్పటికి ఆ చోటు అందరి చెవులకీ పట్టేసింది. అలా పందొమ్మిదేళ్ళు.

కానీ ఆ భయం ఎప్పుడో పోయింది. మిగిలింది వేరే. మాస్టారి చెవి నాకు తెలుసు. హార్బర్‌లో ఓడ కూత పెడితే ‘ఇది కాస్త కిందికుంది’ అనే చెవి. ఆ చెవికి నా తప్పు వినబడలేదంటే, నేను గురువనుకున్న మనిషి మీద నమ్మకం పోవాలి. వినబడి కూడా ఊరుకున్నారంటే, పోనీలే పాపం అని నన్ను భరించారనుకోవాలి. ఈ రెండూ నాకొద్దు. ఆయన ఉన్నంతకాలం ఏ రోజైనా అడగవచ్చు కదా అనుకుంటూ గడిపాను.

సెప్టెంబర్ 1

నిన్న రాసింది చించేద్దామనుకున్నాను. లాగ్ బుక్‌లో పేజీ చించకూడదు.

సెప్టెంబర్ 7, ఆదివారం

ఫాయిజా ఫోన్. “చాచా, బాబా పాటలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించి పుస్తకంగా వేద్దామనుకుంటన్నాను. స్కోర్లు నా దగ్గరున్నాయి. ఎవరి కాగితాలు వాళ్ళవన్నీ మీ ట్రంకు పెట్టెలో కదా ఉన్నాయి? రెండూ పక్కపక్కన పెట్టి ఒక్కో బార్ సరిచూస్తాను.”

“అన్నీ సరిగ్గానే ఉంటాయమ్మా.”

“మీరు రాసినవి కదా చాచా, నాకు తెల్దా? ఊరికే సూత్తాను.”

అక్టోబర్ 12 ఆదివారం బీచ్ రోడ్డు దగ్గర హాల్లో మాస్టారి జ్ఞాపకార్థం కార్యక్రమం. పొద్దున పదింటికి, ఎందుకంటే మాది ఎప్పుడూ ఆదివారం పొద్దున బ్యాండే. ‘లంగరు’తో ముగింపు. మాస్టారి ఆల్టో భాగం కోటి ట్రంపెట్ మీద వాయిస్తాడు. నేను వస్తున్నానా అని ఆ పిల్ల అడగలేదు. రానని ఎలా అనుకుంటుంది?

సెప్టెంబర్ 8

అంతా మామూలే.

సెప్టెంబర్ 11

ట్రంకు తీశాను. నూట పద్నాలుగు పాటలు, పదహారేసి కాగితాలు. అన్నీ నా దస్తూరీ. ప్రతి కాగితం అడుగున పేజీ తిప్పే చోట ఆ వాయించేవాడికి కనీసం రెండు బార్ల విరామం ఉంటుంది. మాస్టారు నాకు నేర్పిన మొదటి పాఠం అది. “కాగితం తిప్పడానికి సెయ్యి కావాలి గురునాథం. సెయ్యి ఖాళీ అవ్వాలంటే పాటలో ఊపిరుండాలి. ఆ ఊపిరి సూసి పేజీ విరగ్గొట్టు” అనేవారు.

‘లంగరు’, బారిటోన్. ఫ్లాట్ గుర్తు ఎంత అందంగా పెట్టానో. తప్పు చేసేటప్పుడు చెయ్యి వణికినా బాగుండేది.

సెప్టెంబర్ 14, ఆదివారం

పని పూర్తయింది. అదే కంపెనీ కాగితం పాతది నాలుగు షీట్లు మిగిలి ఉంటే, అదే నల్ల సిరాతో బారిటోన్ భాగం మొత్తం తిరగరాశాను. నలభై ఒకటో బార్ స్కోరులో ఎలా ఉందో అలాగే, పందొమ్మిదేళ్ళుగా అది నా కళ్ళముందే ఉంది. తర్వాత కాగితాన్ని రెండు రోజులు మా మేడ మీద ఎండలో పెట్టాను. పాతదాంట్లో కలిసిపోయింది.

ఇది మోసం కాదు. ఆయన రాసింది ఆయనకి ఇచ్చేస్తున్నాను. ఇరవై రెండేళ్ళు నా దగ్గర ఉండిపోయిన ఆయన స్వరం. పుస్తకంలో శాశ్వతంగా ఉండిపోయేది ఆయనదే ఉండాలి, నా క్యాంటీన్ తప్పు కాదు. ఎవరికీ నష్టం లేదు.

పాత కాగితం ముక్కలు చేసి చెత్త బండిలో వేశాను. బండాయన ‘తడి చెత్తా, పొడి చెత్తా?’ అని అడిగాడు. పొడి అన్నాను.

సెప్టెంబర్ 15

నిద్ర బాగా పట్టింది. నిజంగానే.

సెప్టెంబర్ 21, ఆదివారం

ట్రంకు ఆటోలో వేసుకుని మాస్టారింటికి వెళ్ళాను. పాత ఊళ్ళో సందు మొదట్లోనే ఆటో ఆగిపోయింది. నేనూ ఫాయిజా చెరోవైపూ పట్టుకుని మోసుకెళ్ళాం. కింద ఇల్లు, మేడ మీద మేం రిహార్సల్ చేసే రేకుల షెడ్డు. షెడ్డుకి సరిగ్గా కింద వంటిల్లు.

భాబీ, మాస్టారి భార్య, కనిపించలేదు. ఇద్దత్‌లో ఉన్నారు. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలరు, పరాయి మగవాళ్ళ ఎదటికి రారు. ముప్పై ఏళ్ళు చేత్తో టీ ఇచ్చిన మనిషి తలుపు తెర వెనకనుంచి మాట్లాడితే కొత్తగా ఉంది.

“బాగున్నారా గురునాథం భాయ్? మహేశ్వరి మోకాలు ఎలాగున్నాది?”

“బాగానే ఉన్నాం భాబీ. మీరు?”

“నానా? ఉన్నాను. ఆదివారం వత్తే సెవులు కొట్టుకుపోతన్నాయి. పైన సప్పుడు నేదు.”

నలభయ్యో రోజు అయిపోయాక రిహార్సల్ ఇక్కడే పెట్టమని ఆవిడే అందట. మేనల్లుడెవరో ‘ఇద్దత్ ఇంట్లో బాజాలేటి’ అన్నాడట. “పైన షెడ్డు ఆయనిది, కింద ఇద్దత్ నాది. ఎవరిది ఆళ్ళం సేసుకుంతాం” అందట. ఫాయిజా నవ్వుతూ చెప్పింది. కార్యక్రమానికి ఎలాగూ రాలేరు కాబట్టి ఆవిడ వినేది ఆ రిహార్సలే.

ట్రంకు ఇచ్చేశాను. తేలిగ్గా ఉంది.

సెప్టెంబర్ 27

నలభయ్యో రోజు. కోటీ నేనూ వెళ్ళి భోజనం చేసి వచ్చాం. కోటి దారి పొడుగునా మాట్లాడాడు. నేను విన్నాను.

అక్టోబర్ 1, బుధవారం

ఆయుధ పూజ. ప్లాంట్‌లో ఉన్నప్పుడు మిల్లుకి గుమ్మడికాయ కొట్టి వచ్చి, సాయంత్రం ఇంట్లో బారిటోన్‌కి బొట్టు పెట్టేవాడిని. మాస్టారు ముందురోజే తన ఆల్టో పంపేవారు, “నాదీ పక్కన పెట్టు, నీ దేవుడు ఒక్క శాక్స్‌కే దీవెన ఇస్తానంటాడేటి” అని. పూజయ్యాక పసుపు కుంకుమలతోనే తీసుకెళ్ళి వాయించేవారు.

ఈసారి పెట్టె తెరవాల్సి వచ్చింది. నలభై మూడు రోజులు. కన్నాలు మూసే ప్యాడ్‌లు కొద్దిగా అంటుకున్నాయి. పూజలో శాక్స్ పెట్టాను, పక్కన ఎత్తి రాసే పెన్ను పెట్టాను. మహేశ్వరి రెండింటికీ బొట్టు పెడుతూ పెన్ను దగ్గర ఆగింది. “ఈ పెన్ను పట్టుకుని పోయిన నెల్లో మీరు రాసిందేటో నాకు తెల్దు గాని, రాసిన కాడ్నుంచి మీ మొగం బాగోనేదు” అంది.

బాగానే ఉంది నా మొహం.

అక్టోబర్ 5, ఆదివారం

తొమ్మిదింటికి అందరం చేరాం, పదిహేను మందిమి. మాస్టారి స్టాండ్ గోడకి ఆనించి ఉంది. మొదట అందరూ మాటలు తగ్గించి కూర్చున్నారు, కోటి పళ్ళ సెట్టు ట్రంపెట్‌కి తగిలి టక్కుమనేసరికి నవ్వేశారు. ఆ తర్వాత పని మొదలైంది. పాతవి నాలుగు వాయించాం. బాగానే వచ్చాయి. ఫాయిజా కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

తర్వాత ‘లంగరు’. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై. అందరూ ఆగారు. నేను కొత్త కాగితం చూసి, మాస్టారు రాసిన స్వరం వాయించాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి.

తక్కినవాళ్ళు లేవాల్సిన చోట సగం మందే లేచారు. కోటి ట్రంపెట్ దింపేశాడు.

“ఏటి బావా అది? ఊపిరి తప్పినావేటి?”

“స్కోరులో ఉన్నదే వాయించాను. ఫాయిజాని అడుగు.”

ఫాయిజా చూసింది. “స్కోరులో అదే ఉంది” అంది. “చాచా కాగితంలోనూ అదే ఉంది.”

“మరి ఇన్నాళ్ళూ?” అన్నాడు కోటి. నేను కాగితం స్టాండ్ మీద సర్దుకుని, మళ్ళీ మొదట్నుంచి అన్నాను. మళ్ళీ వాయించాం. ఈసారి అందరూ లేచారు. ఒక్క స్వరం పక్కకి పోలేదు. సాఫీగా, తారు రోడ్డు మీద బండిలా వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. అంతా సరిగ్గా ఉంది, పాట లేదు.

అయిపోయాక అందరం కూర్చున్నాం. మామూలుగా ‘లంగరు’ ముగిసేసరికి టీ వచ్చేస్తుంది. ముప్పై ఏళ్ళ బ్యాండులో ఇరవై రెండేళ్ళుగా అదే టైం. పది నిమిషాలైంది, రాలేదు.

“నువ్వెళ్ళి సూసి రా బావా” అన్నాడు కోటి. “పెద్దోడివి.”

కిందికి దిగాను. తెర ఇవతల నిలబడి అడిగాను.

“భాబీ, టీ...”

“ఇంకా లంగరు అవ్వనేదు గదా భాయ్.”

“అయిపోయింది భాబీ. రెండుసార్లు.”

“అవ్వనేదు.” గొంతు మెత్తగానే ఉంది, మాట మాత్రం గట్టిగా ఉంది. “స్టవ్ కాడే నిలబడి ఇంతన్నాను. అందరూ ఊరుకున్నాక ఆ బరువుది ఒకటి వత్తాది సూడండి, కడుపులో సెయ్యి పెట్టినట్టు. అది వత్తే గదా నాను పాలు పెట్టేది. అది రానేదు. అది మీరే గదా ఊదేది. ఏటి సేసినారు?”

తెర అంచు చూస్తూ చెప్పేశాను.

“అది తప్పు భాబీ. నాదే. అప్పట్లో ఎత్తి రాసినప్పుడు చేశాను. మాస్టారితో చెప్పలేకపోయాను. ఇప్పుడు దిద్దాను.”

తెర వెనక గిన్నె కింద పెట్టిన శబ్దం వినిపించింది.

“దిద్దేసినారా” అందావిడ. “ఆయన అన్నట్టే సేసినారు.”

ఆ తర్వాత చెప్పింది. వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది ఉర్దూలో, నా కోసం తెలుగులో చెప్పింది. ‘లంగరు’ మొదటిసారి వాయించిన ఆదివారం, మాస్టారు రిహార్సల్ మధ్యలో కిందికి దిగొచ్చారట. ఎన్నడూ అలా రాలేదట. వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వుతున్నారట.

“‘షరీఫా, గురునాథం ఒక తప్పు రాసినాడు’ అన్నారు. ‘ఆ సోటు కోసం నెల్లాళ్ళు ఎతికినాను. నాకు దొరకనేదు. ఏదో ఒకటి పెట్టీసి ఊరుకున్నాను. ఆడికి దొరికింది, దొరికినట్టు ఆడికి తెల్దు. నువ్వు ఆడితో ఎప్పుడూ అనకు. అంటే దిద్దేత్తాడు.’”

“ఇరవై రెండేళ్ళా భాబీ?” అన్నాను.

“అప్పట్నుంచి ఆ సోటు కాడ పైనుంచి కాలితో ఒకసారి తట్టేవోరు. ఇన్నావా అని. నాను పాలు పెట్టేదాన్ని.”

ఆ కాలి తట్టు మాకు తెలుసు. అది విని పదిహేను మందిమీ లేచేవాళ్ళం. మాకే అనుకునేవాళ్ళం.

“మీరైనా ఒక్క మాట చెప్పలేదేం భాబీ?”

“వద్దన్నారు గదా” అందావిడ.

పైకి వెళ్ళి అందరికీ చెప్పేశాను, తప్పు సంగతీ, తిరగరాసిన సంగతీ. కోటి ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకున్నాడు. “అంటే ఆ మద్రాసోడు పొగిడినది నిన్నా బావా? నీ పేరు నేకుండా పొగిడీసినాడు గదా” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఫాయిజా నవ్వలేదు.

“పాత కాగితం ఏది చాచా?”

చెత్త బండిలో పొడి చెత్త కింద ఇచ్చానని చెప్పాను. ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. ఈ డైరీలో నేను రాసుకున్న అబద్ధాలన్నింటిలో పెద్దది ‘ఎవరికీ నష్టం లేదు’ అన్నది.

అక్టోబర్ 6

పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నలభై ఒకటో బార్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే సరిగ్గా రాసేసింది. షీటు పాడైంది.

అక్టోబర్ 7

రెండోదీ పాడైంది. ఇంక ఒక్కటే మిగిలింది.

అక్టోబర్ 8, బుధవారం

రాశాను. భోజనం క్యారేజీలో పెట్టించుకుని ప్లాంట్ గేటు ఎదురుగా ఉన్న పార్కులో కూర్చుని, ఒంటిగంట సైరన్ విన్నాక రాశాను. తెలియక చేసిన తప్పును తెలిసి చేయడం ఎంత కష్టమో ఎవరికి చెప్పను? ఫ్లాట్ గుర్తు పాతదంత అందంగా రాలేదు, కొంచెం వణికింది. అలాగే ఉంచాను.

పుస్తకంలో ఏది వేస్తావని ఫాయిజాని అడిగాను. “స్కోరులో బాబా రాసింది ఉంటాది, మీ కాగితంలో మీరు రాసింది ఉంటాది. రెండూ కలవవు. అలాగే వేసేత్తాను చాచా, ఎవరైనా అడిగితే కథ చెప్తాను” అంది. తండ్రి పోలికే.

నన్ను భరించలేదు ఆయన. నన్ను దాచుకున్నారు. ఈ మాట రాయడానికి నాకు యాభై రోజులు పట్టింది.

అక్టోబర్ 12, ఆదివారం

హాలు నిండింది. మహేశ్వరి ముందు వరుసలో కూర్చుంది, మోకాలు నొప్పి అనలేదు. ఫాయిజా ఫోన్ ఇంటికి కలిపి మొదటి వరుస ముందున్న కుర్చీలో పెట్టింది, భాబీ వినడానికి.

ఆఖరున ‘లంగరు’. కోటి మాస్టారి భాగం వాయించాడు. ఆయనలా వాయించలేదు, తనలా వాయించాడు, మాస్టారికి అదే నచ్చేది. నలభై దగ్గర అందరూ ఆగారు. నేను నా తప్పు వాయించాను. కడుపులోంచి తీసి వాయించాను. ఊపిరి అయిపోతోంది, తక్కినవాళ్ళు లేవడం లేదు, నా వైపే చూస్తున్నారు. అప్పుడు నా కాలు నేల మీద ఒకసారి తట్టింది. నేను తట్టాలనుకోలేదు. పద్నాలుగు మందీ లేచారు.

చప్పట్లు ఇంకా ఆగకముందే ఫాయిజా ఫోన్ చెవిన పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. “చాచా, అమ్మ పాలు పెట్టేసిందట. అందరికీ. అలవాటుగా పెట్టేసింది. ఇప్పుడేం చెయ్యాలో తెలియడం లేదట.”

ఐదు ఆటోల్లో, వాద్యాలు ఒళ్ళో పెట్టుకుని పాత ఊరు వెళ్ళాం. సందులో జనం మళ్ళీ ఏదైనా పెళ్ళి ఊరేగింపా అని బయటికొచ్చి చూశారు. మేడ ఎక్కి షెడ్డులో కూర్చున్నాం. ఫాయిజా పళ్ళెంలో టీ తెచ్చింది. అందరూ తీసుకున్నాక పళ్ళెంలో ఇంకొకటి మిగిలింది. పదహారు కప్పులు పోసిందావిడ.

“అది నువ్వే తాగీ బావా” అన్నాడు కోటి. “లేకపోతే ఆవిడ బాధపడతాది.”

నాది అయిపోయాక అది తీసుకున్నాను. అప్పటికి చల్లారింది. ఒక గుక్క తాగి ఆగిపోయాను. అందులో పంచదార లేదు. మాస్టారికి షుగరు, పదేళ్ళుగా ఆయన కప్పు విడిగా కలిపేది.

పదిహేను మంది చూస్తుండగా, కప్పు పట్టుకుని ఏడ్చాను. ఎవరూ ఏమీ అనలేదు. కప్పు ఖాళీ చేసి కిందికి పంపాను.